చిన్నాయన పాల సెంటర్ యాప్ దేంట్లో చేస్తే మేలు

ఒరే మామా,

ఎట్లుండావు? చిన్నాయన పాల సెంటర్ యాప్ రాసేదానికి ఫ్లట్టరా, రియాక్ట్ నేటివా (ఈ రెండిట్లో ఒకసారి రాస్తే ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్లోనూ నడుస్తాది), ఆండ్రాయిడ్‌కి నేరుగా రాసే కోట్లినా అని అంత పెద్ద మెసేజ్ పెట్టినావు కానీ ఆ యాప్ ఎవురి ఫోన్లో ఉంటాదో ఒక్క ముక్కా రాయలే. చిన్నాయన సెంటర్లో పొద్దన్నే జనం క్యాన్లు పట్టుకోని నిలబడుంటారు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాకుండా పాలలో ఉండే మిగతా గట్టి పదార్థం) కొట్టి స్లిప్పు చేతికియ్యాల, అంతే కదా. రైతులకి మెసేజ్ పోతే చాలు. అంటే యాప్ ఉండేది టేబుల్ మీదుండే ఆ ఆండ్రాయిడ్ ఫోన్లోనే. మీ బావ ఐఫోన్లో కూడా రావాలంటావేందిరా, ఆయప్పేమన్నా పాలు పోస్తాడా? దానికి మ్యాక్ కావాల, పైగా ఆపిల్‌కి ఏటేటా 99 డాలర్లు కట్టాల. ప్లే స్టోర్‌కి ఒక్కసారి 25 డాలర్లు కడితే అయిపోతాది.

ఫ్లట్టర్ నాకిష్టమే, కోడ్ మార్చి సేవ్ కొడితే స్క్రీన్ అప్పుడే మారిపోతాది, బటన్లూ అక్షరాలూ అన్నీ అదే గీసుకుంటాది కాబట్టి ఏ ఫోన్లోనైనా ఒకేమాదిరి కనపడతాది. రియాక్ట్ నేటివ్ అంటే నీకు జావాస్క్రిప్ట్ చెయ్యి తిరిగిన పని, నీ మనసు దానిమీదే ఉండాదని తెలుసు.

కానీ నీ యాప్‌లో కష్టమంతా స్క్రీన్లలో లేదురా, ప్రింటర్లో ఉండాది. ఆ చిన్న థర్మల్ ప్రింటర్లు చానా మటుకు పాత రకం క్లాసిక్ బ్లూటూత్‌తోనే మాట్లాడతాయి, ఫ్లట్టర్‌కీ రియాక్ట్ నేటివ్‌కీ జాస్తి మంది వాడే బ్లూటూత్ ప్లగిన్లేమో (వేరేవాళ్ళు రాసిపెట్టిన జోడింపు కోడ్) బీఎల్ఈకే, అంటే తక్కువ కరెంటు తినే కొత్త రకం బ్లూటూత్‌కే, పనిచేస్తాయి. వేరే ప్లగిన్ దొరికినా, రాసినోడు అప్‌డేట్ ఆపేస్తే నువ్వు యాడ పోయి అడుగుతావు? ఇంగోటి, ఆ ప్రింటర్లలో తెలుగు ఫాంట్ ఉండదు, మునెమ్మ అని రైతు పేరు పంపితే పిచ్చి గుర్తులు పడతాయి. ఆ పేరుని ఫోన్లోనే బొమ్మగా గీసి, 58 ఎంఎం కాగితానికి సరిపోయేట్లు బిట్‌మ్యాప్ (చుక్కల బొమ్మ) చేసి పంపాల. ఇదంతా కోట్లిన్‌లో అయితే మధ్యలో ఎవురూ లేకుండా నేరుగా రాసుకోవచ్చు.

సిగ్నల్ సంగతి కూడా అంతే, మీ ఊర్లో ఉంటే ఉంటాది లేకుంటే లేదు. లెక్కంతా ఆండ్రాయిడ్‌లో వాడే రూమ్ అనే డేటాబేస్‌లో ఫోన్లోనే రాసి పెట్టుకోని, నెట్ రాంగానే వెనకాల పని చేసిపెట్టే వర్క్‌మేనేజర్‌తో సర్వర్‌కి పంపేది, లైన్లో నిలబడినోళ్ళకి తెలియను కూడా తెలియదు. గూగుల్ 2019 నుంచి ఆండ్రాయిడ్‌కి ముందు కోట్లినే అంటా ఉండాది, కాబట్టి వదిలేస్తారని భయం వద్దు. రేపు మీ బావ మరీ పట్టుబడితే కోట్లిన్ కోడ్‌ని ఐఫోన్లో కూడా వాడుకోనిచ్చే కోట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్ ఉండనే ఉండాది, 2023లోనే స్టేబుల్ అయింది, లెక్కల కోడ్ చానా వరకు అట్లే వాడుకోవచ్చు.

లాగిన్ పేజీ రంగులు తర్వాత చూసుకుందాం, ముందు ఆదివారం ఆ ప్రింటర్ ఎత్తుకోని తిరుపతికి రా, తెలుగులో ఒక్క స్లిప్పు తీద్దాం. మొదట ప్లే స్టోర్ లేకుండానే ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) ఫోన్లో వేసుకుంటే చాలు. పక్కూరి సెంటర్లోళ్ళు అడిగినప్పుడు ప్లే స్టోర్‌కి పోదాం, కొత్త పర్సనల్ అకౌంట్ అయితే 12 మంది 14 రోజులు విడవకుండా టెస్టింగ్‌లో ఉండాలంట, ఆండ్రాయిడ్ ఫోన్లుండేవాళ్ళ జీమెయిల్ ఐడీలు ఇప్పట్నించే అడిగి పెట్టుకో.