చేర్చిన రోజే అడగాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నెల్లూరులోనో ఒంగోలులోనో రాత్రి పదకొండు గంటలకు ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి ముందు నిలబడి చూడండి. ఆటోలోంచో అంబులెన్సులోంచో రోగిని దించుతారు. లోపల స్ట్రెచర్ మీదికి ఎక్కించేలోపే బిల్లింగ్ కౌంటర్లో అడ్వాన్సు మాట వస్తుంది. ఆరోగ్యశ్రీ కార్డు ఇంట్లో ఉండిపోయింది, లేదా ఎప్పుడో రద్దయిందని విన్నారు, లేదా అసలు లేదు. మెడలోని సరుడు తాకట్టు పెట్టో, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చో కట్టేస్తారు. ఆ పైన వారం పది రోజులు ఎవరు ఎంత అడిగితే అంత. బీమా లేని కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోవడం ఎక్కువగా ఈ మొదటి ఆరేడు గంటల్లోనే మొదలవుతుంది. ఆ గంటల్లో అడగాల్సిన నాలుగు మాటలూ, తీసుకోవాల్సిన నాలుగు కాగితాలూ ఏమిటో మీ పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం.

ముందు కార్డు సంగతి. కరెంటు 300 యూనిట్లు దాటిందనో, ఇంట్లో ఎవరి పేరనో కారుందనో రైస్ కార్డు తీసేస్తే ఆరోగ్యశ్రీ కూడా పోయిందని మన పల్లెల్లో గట్టిగా నమ్ముతున్నారు. ఆ రెండింటి అర్హతలూ ఒకటి కావు. 2019లో ఆరోగ్యశ్రీకి విడిగా నియమాలు పెట్టారు: ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం, మాగాణి అయితే 12 ఎకరాల లోపు, మెట్ట అయితే 35 ఎకరాల లోపు, సొంత కారు ఒకటి ఉన్నా పర్వాలేదు. ఇప్పుడు అదే పథకం ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. కాబట్టి "కార్డు లేదు" అని మనంతట మనమే చెప్పేయకూడదు. ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే వైద్యమిత్ర కౌంటరుకు వెళ్లి ఆధార్ నంబరు కొట్టి చూడమనాలి. కోడలి పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోయిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి, ఆధార్‌తో వెతికితే బయటపడుతుంది. ఇంట్లో 70 ఏళ్లు దాటిన పెద్దవాళ్లుంటే ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. జబ్బు చేశాక కాదు, ఒళ్లు బాగున్నప్పుడే నమోదు చేయించి పెట్టుకోవాలి.

రెండో పొరపాటు ఇంతకంటే ఖరీదైనది. "ఈ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ ఉందా?" అని అడిగి, ఉందనగానే నిశ్చింతగా చేర్చేస్తారు. ఆసుపత్రికి ఎముకల విభాగంలో గుర్తింపు ఉండి గుండె విభాగంలో లేకపోవచ్చు. అడగాల్సింది "ఈ జబ్బుకు, ఈ విభాగంలో, ఇక్కడ ఉందా?" అని. అడగాల్సింది కూడా పేరు రాయించే ముందే. నగదు రోగిగా చేర్చి మూడు రోజులయ్యాక పథకంలోకి మార్చమంటే అప్పటిదాకా కట్టింది తిరిగి రావడం గగనం. అత్యవసరమైతే ఫోన్ మీద అనుమతి తీసుకునే ఏర్పాటు పథకంలోనే ఉంది, కాబట్టి "అనుమతి వచ్చేదాకా డబ్బు కట్టండి" అంటే ఒప్పుకోనక్కర్లేదు. "ఈ ఆపరేషన్ లిస్టులో లేదు" అంటే అక్కడే నిలబడి 104కు ఫోన్ చేయాలి. "లిస్టులో ఉంది కానీ మంచి స్టెంటు వేస్తాం, తేడా మీరు కట్టండి" అన్నా అదే నంబరు. పథకం కింద చేరిన రోగి దగ్గర పైసా తీసుకోకూడదు. బకాయిలు రాలేదని పథకంలో ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025 అక్టోబరులో సేవలు ఆపేయడం చూశాం. ప్రభుత్వం బకాయి పడితే దాని భారం చివరికి మోసేది స్ట్రెచర్ మీదున్న మనిషే, ఇది చాలా అన్యాయం.

కొన్నిటికి అసలు ప్రైవేటు గడప తొక్కకముందే చేయాల్సిన పని ఉంది. పెన్నా డెల్టాలో వరి కోతలప్పుడు పాముకాట్లు ఎక్కువ. విషానికి విరుగుడు ఇంజక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మొదటి మోతాదే 8 నుంచి 10 వయల్స్ (చిన్న మందు సీసాలు) పడుతుంది, అంటే బయట కొంటే వేలల్లో మాట. రక్తపింజరి కాటుకు రక్తం గడ్డకడుతుందో లేదో 20 నిమిషాలు ఎండు గాజు గొట్టంలో పెట్టి చూస్తారు. దానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. మంత్రగాడి దగ్గరికో, ఆర్‌ఎంపీ చెప్పిన దూరపు ఆసుపత్రికో పోతే డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది. గుండెపోటు కూడా అంతే. రక్తనాళంలో గడ్డను కరిగించే టెనెక్టిప్లేస్ ఇంజక్షన్ బయట 40 వేలకు అటూ ఇటూ ఉంటుంది. గుండెపోటు రోగుల కోసం పెట్టిన స్టెమీ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో దాన్ని ఉచితంగా ఇస్తున్నారు. నొప్పి మొదలైనప్పటి నుంచి ఎంత త్వరగా పడితే అంత మేలు. దగ్గర్లోని సర్కారు ఆసుపత్రిలో ఈసీజీ తీయించి ఇంజక్షన్ వేయించుకుని, ఆ తర్వాత నెల్లూరు పెద్దాసుపత్రికో ఒంగోలు రిమ్స్‌కో తీసుకెళ్లడం ప్రాణానికీ జేబుకూ మంచిది.

రోడ్డు ప్రమాదాలకు మరో దారి ఉంది. తడ నుంచి మేదరమెట్ల దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీదైనా, మరే రోడ్డు మీదైనా దెబ్బలు తగిలినవాళ్లకు, కార్డు ఉన్నా లేకున్నా, ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల పాటు లక్షన్నర వరకు నగదు కట్టకుండా వైద్యం ఇవ్వాలని కేంద్రం 2025 మే 5న పథకం ప్రకటించింది. గుర్తించిన ఆసుపత్రిలోనే వర్తిస్తుంది, పోలీసుల ధ్రువీకరణ కావాలి. కేసు ఎందుకులే అని ఆ రాత్రి 112కు చెప్పకుండా ఊరుకుంటే ఈ లక్షన్నర వదులుకున్నట్టే. ప్రమాదంలో గాయపడినవాళ్లను ఏ ఆసుపత్రీ, ఏ డాక్టరూ తిప్పి పంపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

ఇవేవీ వర్తించక చేతి డబ్బుతోనే వైద్యం చేయించుకోవాల్సి వస్తే, మొదట కావాల్సింది రాతపూర్వకమైన అంచనా. నోటిమాట అంచనా అంచనా కాదు. ప్యాకేజీయా, రోజువారీ బిల్లా? ప్యాకేజీ అయితే అందులో మందులు, ఇంప్లాంటు, మత్తు డాక్టరు ఫీజు కలిసున్నాయా, ఎన్ని రోజులకు? గది ఎంపిక దగ్గర చాలామంది దెబ్బతింటున్నారు. ఏసీ గది అంటే గది అద్దె ఒక్కటే పెరుగుతుందనుకుంటారు. చాలాచోట్ల డాక్టరు విజిట్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీ, నర్సింగ్ ఛార్జీ అన్నీ గది స్థాయిని బట్టే పెరుగుతాయి. డబ్బు కట్టిన ప్రతిసారీ ఐపీ నంబరు (చేర్చినప్పుడు రోగికి ఇచ్చే నంబరు) వేసిన రసీదు తీసుకోవాలి. స్టెంటు వేస్తే దాని పెట్టె మీది స్టిక్కర్ కేస్‌షీటుకు అంటించారో లేదో చూసుకోవాలి, బిల్లులో దాని కంపెనీ, బ్యాచ్ నంబరు, ధర విడిగా ఉండాలి. మందు పూత పూసిన స్టెంటుకు 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన గరిష్ఠ ధర 38,933 రూపాయలు, జీఎస్టీ అదనం. అమల్లో ఉన్న గరిష్ఠ ధరకు మించి వేస్తే అది నేరం.

బిల్లులో అసలు చిల్లు పడేది మందుల దగ్గర. ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులను 2018లో జాతీయ మందుల ధరల సంస్థ ఎన్‌పీపీఏ పరిశీలిస్తే, సెలైన్ గొట్టానికి తగిలించే త్రీవే స్టాప్‌కాక్ అనే చిన్న ప్లాస్టిక్ ముక్క ఆసుపత్రి 5 రూపాయల 77 పైసలకు కొని రోగికి 106 రూపాయలకు వేసింది. లాభం 1,737 శాతం. మోసం అనడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే దాని మీద ముద్రించిన ఎమ్మార్పీయే అంత. ఆసుపత్రి తనకు ఎక్కువ మిగిలే బ్రాండునే తెప్పించుకుంటుంది. అందుకే "ఎమ్మార్పీకే ఇస్తున్నాం" అన్న మాటలో ఊరట ఏమీ లేదు.

ఈ చిల్లును కొంతైనా పూడ్చుకోవచ్చు, రోజూ సాయంత్రం పది నిమిషాలు కూర్చుని లెక్క చూసుకుంటే. ఫలానా మందులు కావాలని వార్డు నుంచి ఫార్మసీకి వెళ్లే ఇండెంట్ చీటీ, ఫార్మసీ బిల్లు, నర్సు దగ్గరుండే మందుల చార్టు, ఈ మూడూ పక్కపక్కన పెట్టాలి. యాంటీబయాటిక్ 8 గంటలకొకసారి అని రాసుంటే రోజుకు 3 వయల్స్, 5 రోజులకు 15. బిల్లులో 21 ఉంటే మిగతా 6 ఎక్కడ? సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టే కాన్యులా మామూలుగా మూడు నాలుగు రోజులు ఉంటుంది, 5 రోజుల బిల్లులో తొమ్మిది కాన్యులాలుంటే అడగాలి. ఒక్కోసారి న్యాయంగానే జవాబు ఉంటుంది, నరం దొరకక రెండుసార్లు గుచ్చి ఉండొచ్చు. జవాబు లేకపోతే ఆ వస్తువులు వార్డు అల్మారాలోనే ఉంటాయి, రిటర్న్ వేయించుకోవాలి. రిటర్న్‌కు బ్యాచ్ నంబరు కలవాలి, పెట్టె విప్పకూడదు, ఫైనల్ బిల్లు పడకముందే జరగాలి. గేట్‌పాస్ చేతికొచ్చాక ఎవరూ తీసుకోరు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాల్సిన ఇన్సులిన్‌లాంటివి ఒకసారి వార్డుకొస్తే ఎటూ తిరిగి తీసుకోరు కాబట్టి వాటిని ఏ రోజుకారోజే తెప్పించమనాలి.

ఇంకొక్క మాట. రోగి ఇడ్లీ తింటున్నాడు, నీళ్లు తాగుతున్నాడు, అయినా పారాసెటమాల్ సీసా, పాంటాప్రజోల్ ఇంజక్షన్ నరానికి ఎక్కుతూనే ఉంటాయి. మాత్ర రూపాయల్లో పోతుంది, సీసా వందల్లో. "మింగగలుగుతున్నాడు, మాత్రలకు మార్చొచ్చా?" అని రౌండ్లకు వచ్చిన డాక్టరును మర్యాదగా అడిగితే చాలామంది మారుస్తారు. ఎవరూ అడగరు కాబట్టి అలా సాగుతుందంతే. మందులు బయట కొనుక్కునే హక్కు రోగికి ఉంది, కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రంలో ఆ మాట స్పష్టంగా ఉంది. అయితే ఐసీయూలో అర్ధరాత్రి ఈ హక్కు పెద్దగా పనికిరాదు. రోగి వార్డుకొచ్చాక, మరీ ముఖ్యంగా ఇంటికొచ్చాక పనికొస్తుంది. స్టెంటు వేయించుకున్నవాళ్లు నెలనెలా వాడే క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ లాంటివి జనఔషధి దుకాణంలో బ్రాండు ధరలో సగానికి, కొన్ని అంతకన్నా చాలా తక్కువకు దొరుకుతాయి. చీటీ మీద బ్రాండు పేరు కాక మందు అసలు పేరు రాయించుకుంటేనే అక్కడ ఇస్తారు.

కనిగిరి, పామూరు, వెలిగండ్ల వైపు కిడ్నీ రోగుల సంగతి విడిగా చెప్పాలి. వారానికి మూడు చొప్పున నెలకు పన్నెండు పదమూడు డయాలసిస్‌లు. ప్రైవేటులో ఒక్కోటి 2 వేల చుట్టుపక్కల, రక్తం పట్టే ఇంజక్షన్లు, బస్సు ఛార్జీలు వేరు. పథకంలో ఇది ఉచితం, ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 10 వేల పింఛను కూడా ఉంది. అయినా అప్పులెందుకవుతున్నాయంటే, ఫిస్టులా ఆపరేషన్ ఆలస్యమై. ముంజేతిలో ధమనిని సిరతో కలిపే ఈ చిన్న ఆపరేషన్ పక్వానికి రావడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. ముందుగా చేయించుకోనివాళ్లకు మెడలో గొట్టం పెట్టి డయాలసిస్ మొదలుపెడతారు. ఆ గొట్టం నెలల తరబడి ఉండిపోతే చీము పడుతుంది, చలిజ్వరం వస్తుంది, ఐసీయూలో చేరుస్తారు, లక్ష రూపాయలు అక్కడ పోతాయి. కిడ్నీలు దెబ్బతింటున్నాయని చూపే క్రియాటినిన్ రక్తంలో పెరుగుతోందని డాక్టరు చెప్పిన రోజు నుంచే ఎడమ చేతిని కాపాడుకోవాలి. ఆ చేతికి సూది పొడవనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు. కుడి చేతితో పని చేసేవాళ్లకు ఫిస్టులా ఎక్కువగా ఎడమ చేతికే వేస్తారు.

వైద్యం అయిపోయాక మిగిలేది ముఖ్యమంత్రి సహాయ నిధి. ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు వెళుతుంది. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం జతచేయాలి. వెనక్కొచ్చే దరఖాస్తుల్లో తప్పు మామూలుగా ఒకటే రకం: మందుల బిల్లు మీద రోగి పేరు, ఐపీ నంబరు ఉండవు, ఆసుపత్రి ముద్ర ఉండదు. అందుకే మొదటి రోజు నుంచే ప్రతి బిల్లునూ రోగి పేరున వేయించాలి. ఆపరేషన్‌కు ముందే అయితే అంచనా పత్రంతో ఎల్‌ఓసీ, అంటే ఖర్చు ప్రభుత్వం కడుతుందని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం, అడగొచ్చు. కేస్‌షీటు కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల నియమావళిలోనే ఉంది. బిల్లు బాకీ ఉందని రోగినిగానీ, చనిపోతే శవాన్నిగానీ ఆపకూడదని హక్కుల పత్రం చెబుతోంది. ఆపితే వెంటనే పోలీసులకు, జిల్లా వైద్యాధికారికి చెప్పాలి.

జిల్లా వైద్యాధికారులను కోరేది ఒకటే. 2002 నాటి చట్టం కింద ప్రతి ప్రైవేటు ఆసుపత్రికీ రిజిస్ట్రేషన్ ఇచ్చేది మీరే. రెన్యువల్ తనిఖీకి వెళ్లినప్పుడు ఫైళ్లతో పాటు ధరల బోర్డు కూడా చూడండి. ఐసీయూ రోజుకెంత, విజిట్‌కెంత, ఏ విభాగంలో వైద్యసేవ వర్తిస్తుంది, రాత్రి డ్యూటీలో ఉన్న వైద్యమిత్ర ఫోన్ నంబరు ఏమిటి, ఇవన్నీ పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలి. ఆ బోర్డు పై అంతస్తులో ఆఫీసు గది గోడకు కాదు, క్యాజువాలిటీ తలుపు పక్కన, డబ్బు కట్టే కిటికీకి ముందు పెట్టించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
కావలి