రిక్లైనర్ సీటు ఎంతో ముందే చెప్పండి: సినిమాటోగ్రఫీ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నాగోల్ నుంచి రాస్తున్నాను. సినిమా టికెట్ల రేటు ముందే చెప్పాలని ఇదివరకు మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను. మొదటిదానికి రసీదు నంబరు ఇచ్చారు. రెండోదానికి 'పరిశీలనలో ఉంది' అని మెసేజ్ వచ్చింది. మూడోదానికి అదీ రాలేదు. ఇక నలుగురి ముందూ అడగడం తప్ప నాకు వేరే దారి కనపడలేదు. తప్పుగా అనుకోకండి.

తెలంగాణలో సినిమా టికెట్ల రేట్లకి హద్దు పెట్టిన జీవో 120 గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మల్టీప్లెక్స్‌లో గరిష్ఠం 250, రిక్లైనర్ 300, పైన జీఎస్టీ. 2021 డిసెంబరు నుంచి ఈ అంకెలు మాలాంటి ఇళ్లలో కంఠతా వచ్చేశాయి. జీఎస్టీతో కలిపి మామూలు సీటు 295, రిక్లైనర్ 354, సింగిల్ స్క్రీన్ ఏసీ హాల్లో 177. చవక అని నేను అనను. కానీ తెలిసిన ధర. ఎంతవుతుందో తెలిస్తే నెల ముందు నుంచే కొంచెం కొంచెం పక్కన పెట్టుకోవచ్చు. ఐదుగురున్న ఇంట్లో సినిమా అంటే అప్పటికప్పుడు చెప్పులేసుకుని వెళ్లేది కాదండీ, ముందు నుంచి అనుకుని వెళ్లేది.

మా అత్తమ్మకి ఈమధ్యే 70 ఏళ్లు నిండాయి. రెండేళ్ల కింద కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. మోకాలు ముడుచుకుని గంటకి మించి కూర్చుంటే వాచిపోతుంది. మామూలు సీట్లో రెండున్నర గంటలు ఆమె వల్ల కాదు. అందుకే ఆపరేషన్ తర్వాత థియేటర్‌కి వెళ్లలేదు. ఆమెకేమో సినిమా అంటే ప్రాణం. పెళ్లయిన కొత్తలో మామయ్య గారితో కలిసి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సినిమా హాళ్లకి వెళ్లేదట. ఓడియన్ ఎక్కడ ఉండేది, సుదర్శన్ 70 ఎంఎం ఎక్కడ ఉండేది, దేవిలో టికెట్ దొరక్కపోతే ఎటు నడవాలి, ఇప్పటికీ కళ్లు మూసుకుని చెబుతుంది. పుట్టినరోజుకి ఏం కావాలత్తమ్మా అని అడిగితే చీర వద్దంది. "అందరం కల్సి ఒక సినిమాకి పోదాం బిడ్డా" అంది.

అందుకని రిక్లైనర్ అనుకున్నాం. గొప్పకి కాదు. కాళ్లు చాపుకుని కూర్చునే సీటు అదొక్కటే కాబట్టి. దాన్ని లగ్జరీ కింద లెక్కేస్తారని నాకు తెలుసు. పాప్‌కార్న్ ఒళ్లో పెట్టుకుని పడుకుని చూసేవాళ్లకి అది లగ్జరీయే. మోకాలు వంగని మనిషికి మాత్రం సినిమా చూడాలంటే అదే దారి.

నేను ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇంటి ఖర్చుకి రూళ్ల పుస్తకం ఒకటి ఉంది. అందులో రాసుకున్నాను. రిక్లైనర్ 354, ఐదుగురికి 1770. బుకింగ్ ఫీజు ఒక 200. రాత్రి ఆట వదిలేసరికి మెట్రో ఉండదు కాబట్టి క్యాబ్ రానూపోనూ 600. ఇంటర్వెల్‌లో పిల్లలకి 500. మొత్తం 3070. రెండు నెలల నుంచి పోపుల డబ్బా వెనక పెట్టుకుంటూ వచ్చాను. పండక్కి ఒక పెద్ద సినిమా వస్తోంది, అదే చూద్దామని అత్తమ్మే ఎంచుకుంది.

సినిమా విడుదలకి వారం ఉంది. బుకింగ్ తెరవలేదు. నాలుగు రోజులు ఉంది. తెరవలేదు. బెంగళూరులో ఉన్న మా ఆడపడుచు అప్పటికే టికెట్లు కొనేసి ఫోన్‌లో పంపించింది. మన దగ్గర మాత్రం రేటు పెంచే జీవో రావాలట. వస్తుందట, రాదట, సంతకం అయిందట, కాలేదట. ఆఫీసులో పని చేస్తూనే గంటకోసారి ఫోన్ తీసి చూడటం. ఇంటికొస్తే అత్తమ్మ అడుగుతుంది, "దొరికినయా?" అని. ఒక టికెట్ కోసం ఇంత టెన్షన్ ఎందుకు పడాలండీ?

చివరికి రాత్రి పదకొండు దాటాక తెరుచుకుంది. సీట్ల బొమ్మలో పై వరస నొక్కాను. 354 ఉండాల్సిన చోట 504 అని ఉంది. ఐదుగురికి 2520. ఫీజు ఎంతో ఇంకా చూపించలేదు, అది ఎప్పుడూ డబ్బు కట్టే ఆఖరి పేజీలోనే వస్తుంది. పుస్తకం తీసి 1770 కొట్టేసి 2520 రాశాను. కాసేపు చూసి దాన్నీ కొట్టేశాను. ఆ పెరిగిన 750 మా అత్తమ్మ నెల మందుల ఖర్చు. ఆమెకి నిద్ర పట్టలేదనుకుంటా, గదిలోంచి వచ్చి నా పుస్తకం వైపు చూసింది. "నా ఒక్కదాని కోసం ఇంత ఖర్చెందుకు, టీవీల ఎప్పుడో వస్తది తియ్" అంది. అర్జీలో రాయడానికి నాకు మాటలు రానిది ఇదే.

మంత్రి గారూ, పెంచబోమని మాటిచ్చింది మీరే. మేం అడగలేదు. 2024 డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర, 'పుష్ప 2' ప్రత్యేక ఆటప్పుడు జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు ఆసుపత్రి పాలయ్యాడు. ఆ ఆటకి టికెట్ మీద 800 రూపాయలు ఎక్కువ తీసుకోవచ్చని అనుమతి ఇచ్చింది మన ప్రభుత్వమే. అదే నెల 21న ముఖ్యమంత్రి గారు అసెంబ్లీలో నిలబడి, తాను ఆ కుర్చీలో ఉన్నంతకాలం బెనిఫిట్ షోలు ఉండవు, టికెట్ రేట్ల పెంపు ఉండదు అన్నారు. అన్నం తింటూ టీవీలో విన్నాం. మా ఇంట్లో నమ్మాం. మూడు వారాలు తిరక్కముందే, 2025 జనవరి 8న మళ్లీ పెంపు జీవో వచ్చింది. విషయం హైకోర్టుకి వెళ్లాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. సెప్టెంబరులో ఇంకో సినిమాకి ఇంకో జీవో, దాని మీదా హైకోర్టులో కేసు. అక్టోబరుకి వచ్చేసరికి, పెంచిన డబ్బులో 20 శాతం సినీ కార్మికుల సంక్షేమానికి ఇస్తేనే అనుమతి అనే మాట వచ్చింది. కార్మికులకి వాటా దక్కాలనే నేనూ కోరుకుంటాను, లైట్లు మోసేవాళ్ల కష్టం నాకు తెలుసు. కానీ అసలు పెంచం అన్న మాట, పెంచితే ఎవరికెంత అనే దాకా ఎప్పుడు వచ్చింది? ఎవరిని అడిగి వచ్చింది?

పెంపు పది రోజులే కదా, ఆ తర్వాత చూడండి అని చాలామంది చెబుతారు. మేం అదే చేశాం. ఏమైందో చెబుతాను. ఆ పది రోజులూ సినిమా పెద్ద తెరల మీద, రిక్లైనర్లు ఎక్కువున్న హాళ్లలో రోజుకి ఐదారు ఆటలు ఆడింది. రేటు మళ్లీ 354కి దిగేసరికి దాన్ని చిన్న హాల్లోకి మార్చేశారు. రోజుకి రెండే ఆటలు, ఒకటి పొద్దున, ఒకటి రాత్రి పదింటికి. రిక్లైనర్లు ఆఖరి వరసలో ఉన్న ఆ కొన్నే. మేం కలిసి కూర్చునేలా ఐదు దొరకలేదు. రెండు దొరికాయి, అత్తమ్మకీ నాకూ. మావారు, పిల్లలు కింద 295 సీట్లలో. పెంచిన రేటు కట్టలేక ఆగినవాళ్లకి మిగిలేది ఇది. ఇది థియేటర్ వాళ్ల ఇష్టం, మీకు సంబంధం లేదు అంటారేమో. కానీ ఆ పది రోజులకి తలుపు తెరిచింది మీ ప్రభుత్వం ఇచ్చిన జీవోనే కదా.

ఇక హాల్లో సంగతి. ఫోన్‌లో సీట్ల బొమ్మ చూస్తే అన్నీ చదునుగా ఉంటాయి. కింద 'తెర ఇటు' అని ఒక గీత, పైన డబ్బాలు. ఎక్కడ మెట్లున్నాయో, తలుపు ఏ వరస దగ్గర తెరుచుకుంటుందో ఉండదు. మా హాల్లో తలుపు కింద, తెర పక్కన. రిక్లైనర్లు అన్నిటికంటే పైన. మధ్యలో పదిహేడు మెట్లు. నేను లెక్కపెట్టాను, ఎందుకంటే ప్రతి మెట్టు మీదా ఆగాం. పట్టుకోవడానికి కడ్డీ లేదు. మెట్టు అంచున సన్నటి నీలం లైటు ఉంది, కానీ ఒక మెట్టు పొట్టి, తర్వాతది వెడల్పు. అత్తమ్మ ఎడం చేత్తో ఒక్కో సీటు తలపట్టు పట్టుకుంటూ, ముందు ఎడమ కాలు వేసి, దాని పక్కన కుడి కాలు తెచ్చి పెట్టుకుంటూ ఎక్కింది. కూర్చున్నవాళ్లు పాపం తల పక్కకి వంచి చోటిచ్చారు. ఒక కుర్రాడు లేచి వచ్చి ఇంకో చెయ్యి పట్టుకున్నాడు, ఆ పిల్లాడు చల్లగా ఉండాలి. సీట్లో కూలబడి, బటన్ నొక్కితే కాళ్ల కింది పలక లేచినప్పుడు ఆమె మొహంలో వచ్చిన వెలుగు చూశాను. నిజంగా సుఖంగా కూర్చుంది. రెండేళ్ల తర్వాత పెద్ద తెర మీద సినిమా చూస్తూ చిన్నపిల్లలా నవ్వింది. కానీ ఇంటర్వెల్‌లో బాత్రూమ్‌కి దిగలేదు. దిగితే మళ్లీ ఎక్కలేనేమోనని భయం. ఇంటికొచ్చేదాకా అలాగే ఉగ్గబట్టుకుంది. మంచినీళ్లు కూడా తాగలేదు.

కాళ్లు చాపుకోవాల్సిన అవసరం ఎవరికి ఎక్కువో వాళ్లే ఎక్కలేనంత ఎత్తులో ఆ సీట్లు పెట్టడం ఏం న్యాయం? దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకి చాలాచోట్ల తెర ముందు మొదటి వరస పక్కన చోటిస్తున్నారు, అక్కడ మెడ ఎత్తి చూడాలి. అత్తమ్మలా కర్రతో నడిచేవాళ్ల గురించి అసలు ఆలోచించేవాళ్లే లేరు. తలుపు ఎదురుగా, మెట్టు లేకుండా చేరుకునే వరసలో నాలుగు రిక్లైనర్లు వేయమనండి. రేటు అదే తీసుకోనివ్వండి. ఎవరూ కాదనరు.

మంచినీళ్లు, పార్కింగ్ సంగతి కూడా రాద్దామనుకున్నాను కానీ లేఖ పెరిగిపోతోంది. హాల్లో తాగునీరు ఉచితంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. పార్కింగ్ ఫీజుకి మించిన సినిమా టికెట్ చూపిస్తే మాల్‌లో పార్కింగ్‌కి డబ్బు తీసుకోకూడదని 2018లోనే జీవో 63 ఉంది. ఇవి అమలవుతున్నాయో లేదో మీ అధికారులు ఒక సాయంత్రం మామూలు మనుషుల్లా టికెట్ కొనుక్కుని వెళ్తే చాలు, తెలుస్తుంది.

పక్క రాష్ట్రం కర్ణాటకలో 2025లో టికెట్‌కి 200 పరిమితి పెట్టారు, అది కోర్టులో ఆగింది. నేను అంత అడగడం లేదు. సినిమా తీసేవాళ్లు కోట్లు పెడతారు, వాళ్లకీ అప్పులుంటాయి, వడ్డీలుంటాయి. 300 చాలదనుకుంటే అందరితో మాట్లాడి జీవోనే మార్చండి, 320 చేస్తారో 350 చేస్తారో చేయండి. కానీ ఏడాది పొడుగునా అదే ఉండనివ్వండి. ఒక్కో సినిమాకి ఒక్కో జీవో, అదీ విడుదలకి రెండు రాత్రుల ముందు, ఇది ఆపండి. పెంచక తప్పదని మీకు అనిపిస్తే నెల ముందు చెప్పండి. బుకింగ్‌లో మొదటి పేజీలోనే జీఎస్టీ, ఫీజు అన్నీ కలిపి ఒకే అంకె చూపించమనండి. సీట్ల బొమ్మలో మెట్లు గీయమనండి, ఎన్ని మెట్లో రాయమనండి. దీనికి పైసా ఖర్చు లేదు. మీరు ఒక్క మాట చెబితే అవుతుంది. ఇవే మూడు అర్జీల్లోనూ రాశాను, మళ్లీ రాస్తున్నాను.

నిన్న అత్తమ్మ మోకాలికి నూనె రాస్తుంటే టీవీలో కొత్త సినిమా ట్రైలర్ వచ్చింది. చూసి ఏమీ అనలేదు, నా వైపు చూసింది. పోదాం అత్తమ్మా అన్నాను. "ఎంతయితదో తెల్సుకో ముందు" అంది. పుస్తకంలో కొత్త పేజీ తీశాను. పైన సినిమా పేరు రాశాను, కింద ఐదుగురికి అని రాశాను. ఎంత అన్న చోట ఖాళీగా ఉంది. ఆ అంకె మీరే చెప్పాలి.

ఇట్లు,
నాగోల్, హైదరాబాద్ నుంచి
ఒక కోడలు