జడ్జిగారి పేరు మీద యాభై వేలు

ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్ చైర్మన్ గారికి,

అయ్యా,

నేను ఓ చిన్న టౌనులో ఇరవై రెండేళ్లుగా సివిల్ కేసులు చేసుకుంటున్న ప్లీడర్ని. జడ్జి పేరు చెప్పి క్లయింటు దగ్గర డబ్బు తీసుకున్న ఒక ప్లీడరు మీద ఫిర్యాదు ఇవ్వాల్సిన మనిషి సంతకం పెట్టనంది కాబట్టి ఈ ఉత్తరం బహిరంగంగా రాస్తున్నాను.

కిందటేడు ఒక పెద్దావిడ భూమి పంపకం దావా కట్ట పట్టుకుని నా దగ్గరకొచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఆవిడే గెలిచింది, మరిది అప్పీలుకు వెళ్లాడు. తీర్పు చదివాను. అడంగల్ నకళ్లూ సాక్షుల మాటలూ ఒక్కొక్కటీ తూచి రాశారు. ఆ కుర్చీలో ఎవరున్నా అదే రాసేవారు. ఫీజు మాట్లాడుకున్నాక ఆవిడ గొంతు తగ్గించి, “మరి ఈ జడ్జిగారికి ఎంతివ్వాలి బాబూ? కింద కోర్టు జడ్జిగారికి యాభై వేలు ఇచ్చాం” అంది. ఎవరిచేత ఇచ్చారమ్మా అంటే, పాత ప్లీడరు గారి చేత.

ఆ జడ్జిగారు మా ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఎవరింట్లోనూ పెళ్లిభోజనం కూడా చేయలేదు. డబ్బు ఆయన గుమ్మం దాకా వెళ్లలేదనే నా నమ్మకం. రుజువు చేయలేను. కిటుకంతా అక్కడే ఉంది. గెలిస్తే డబ్బు పనిచేసినట్టు, ఓడితే అవతలివాడు ఎక్కువిచ్చినట్టు. ఎటైనా మధ్యవాడికి నష్టం లేదు. ఆవిడ భూమి ఆవిడకు న్యాయంగానే వచ్చింది, కానీ కొనుక్కున్నాననే అనుకుంటోంది. మరిదీ అదే అనుకుంటున్నాడు. కోర్టుకెక్కి ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత. ఇక్కడ ఇద్దరూ కలిసి జడ్జిని తిడుతున్నారు, ఆ పెద్దమనిషికి ఆ సంగతే తెలీదు.

శంభురాం యాదవ్ ఫిర్యాదు చేసిన కేసు మీకు తెలియనిది కాదు. రాజస్థాన్‌లో ఒక న్యాయవాది, జడ్జి లంచం తీసుకుంటాడట, పదివేలు పంపండని క్లయింటుకు ఏకంగా ఉత్తరమే రాశాడు. రాష్ట్ర బార్ కౌన్సిల్ రెండేళ్లు సస్పెండ్ చేసింది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా శాశ్వతంగా తొలగించింది. తర్వాత రివ్యూలో, వయసు మళ్లినవాడు, ఏళ్ల తరబడి ప్రాక్టీసు ఉన్నవాడు అంటూ మందలించి వదిలేసింది. 2001లో సుప్రీంకోర్టు ఆ మందలింపును కొట్టేసి తొలగింపునే నిలబెట్టింది. నాకు మాత్రం మధ్యలో మనం మెత్తబడటమే ఎక్కువ గుర్తు. పాపం ఆయన కాగితం మీద పెట్టి దొరికిపోయాడు. ఇప్పుడు ఎవరు రాస్తారు?

2024లో వినియోగదారుల చట్టం లాయర్లకు వర్తించదని తీర్పొచ్చిన రోజు మా బార్ రూములో మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను. క్లయింటుకు ఆ తలుపు మూసుకున్నాక మిగిలింది మీ క్రమశిక్షణ కమిటీయే. అక్కడికి రావడానికి ఆవిడకు భయం. లంచం ఇచ్చానని తననే పట్టుకుంటారేమోనని. ఆ భయం వట్టిదనీ అనలేను. అడ్వకేట్ల చట్టం 35వ సెక్షన్ ఫిర్యాదు అందినప్పుడే కాదు, మరోవిధంగా నమ్మడానికి కారణం కనిపించినా కేసు కమిటీకి పంపమంటోంది. ఆ “మరోవిధంగా” అన్న మాటను వాడండి. నువ్వే ఫిర్యాదు ఇవ్వొచ్చుగా అంటారేమో. రోజూ ఆ పాత ప్లీడరు పక్క కుర్చీలో కూర్చునేవాణ్ణి, ఇంతవరకు ధైర్యం చాల్లేదు.

క్లయింటు సొమ్ముకు లెక్క రాయాలనీ, అడిగితే నకలు ఇవ్వాలనీ మన నియమాల్లో ఎప్పటినుంచో ఉంది. కేసు అప్పగించే వకాలత్ మీద సంతకం పెట్టించుకున్న రోజే ఫీజెంత, కోర్టు ఫీజెంత, ఖర్చులెంత అని తెలుగులో రసీదు ఇచ్చి తీరాలని ఒక సర్క్యులర్ పంపండి. జడ్జి పేరు చెప్పి ఎవరు డబ్బడిగినా ఎక్కడ చెప్పుకోవాలో ప్రతి కోర్టు ఆవరణలో తెలుగు బోర్డు పెట్టించండి. ఏడాదిలో తేలని ఫిర్యాదులు ఎటూ ఢిల్లీలోని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ కావాలి కదా, అలా ఎన్ని వెళ్లాయో కూడా బయటపెట్టండి.

అప్పీలు వచ్చే నెల వాదనలకు ఉంది. ఆవిడకు నా ఫీజు రసీదు రాసిచ్చాను. జడ్జిగారి కోసమని పైసా తీసుకోలేదని కింద ఒక వాక్యం చేర్చాను. మనవడిచేత చదివించుకుని, “అయితే ఓడిపోతామా బాబూ?” అని అడిగింది.

ఇట్లు,
మీ న్యాయవాదుల జాబితాలో ఉన్న ఒక న్యాయవాది