పెన్న కోసిన రాయి

తిరుపతి,
జనవరి 21

ఒరే మురళీ,

ఎట్లుండావు? అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? నీ జాబు చేరి మూడు వారాలైంది. వెంటనే రాద్దామనే కూర్చున్నా గానీ, నీకు చెప్పాల్సిన మాట అప్పటికింకా నాకే దొరకలేదు. రాజమండ్రిలో రేవు మెట్ల మీద కూర్చుని రాసినావు కదా, "నదంటే గోదావరిరా, మన పక్క ఉండేవన్నీ ఇసుక దారులు" అని. అబద్ధమనలేను. స్వర్ణముఖిలో మనం ఈత నేర్చుకోలేదు, బంతాట ఆడినాం. దాహమైతే చెలమ తవ్వి, తేట ఊరేదాకా మోకాళ్ల మీద కూర్చున్నాం. అయినా ఆ మాట నాకు గుచ్చుకునింది.

పండగ అయిపోయిన మరుసటి రోజు గండికోటకు పోయొచ్చినాం. నేను, నాయన, మా పాప, బావమరిది. ఇప్పుడు రాస్తా ఉన్నదంతా దాని గురించే.

తెల్లారి నాలుగుకే బయల్దేరినాం. కోడూరు దాటేదాకా మామిడి, అరటి తోటలు, పచ్చగా. నందలూరు దగ్గర చెయ్యేరు వచ్చేసరికి కారులో అందరం మాట ఆపేసినాం. 2021 నవంబరు నీకు గుర్తుందిగా. పైన అన్నమయ్య డ్యాం కట్ట తెగి, ఒక్క పొద్దులో ఏటి ఒడ్డు ఊళ్లు కొట్టుకుపోయినాయి. ఇక్కడ మన స్వర్ణముఖి కూడా ఆ వారమే ఒడ్లు తెంచుకునింది. ఇప్పుడు చెయ్యేట్లో మేకలు నడిచిపోతా ఉన్నాయి.

కడప దాటి ఎర్రగుంట్ల వైపు తిరిగితే నేల మారిపోతుంది. రోడ్డు పక్కన నాపబండల గనులు, పేర్చిన బండల దొంతర్లు. మీ ఇంట్లో వంటగట్టుకు పరిచిన కడప బండ ఆ పక్కదే. ఇంకా పోతే చెట్లు పొట్టివైపోతాయి. తుమ్మ, రేగు, కిత్తనార, అంతే. వాన మబ్బు పడమటి కనుమల అవతలే బరువు దించుకుని, తేలికై వస్తుంది ఈ నేలకు. పెన్న అనంతపురం జిల్లా మీదుగా దిగొస్తుంది కదా, ఆడ బొమ్మనహాళ్, కణేకల్లు పక్క హగరి ఒడ్డున ఇసుక దిబ్బలు పొలాల మీదికి పాకుతా ఉంటాయి. సీమలో ఎడారి అనే మాటను మనవాళ్లు ఊరికే వాడరు.

జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లుంటుంది. కోట వాకిలి దాటి లోపలికి పోతే ఊరు, ధాన్యాగారం, జుమ్మా మసీదు, మాధవరాయ గుడి గోపురం. గుళ్లో మూర్తి లేదు. నాయన మాత్రం చెప్పులు విడిచి, ఖాళీ గర్భగుడికే దండం పెట్టుకున్నాడు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట అది. తర్వాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. వజ్రాల వ్యాపారి తావెర్నియే ఫ్రాన్సు నుంచి బయల్దేరి 1652లో ఇక్కడికే వచ్చి ఆయన్ను కలిసినాడు. కోట గురించి ఇంతే రాస్తా, ఎందుకంటే నేను చూడాలనుకునింది అది కాదు.

మసీదు వెనక పెద్ద పెద్ద బండలు. ఒకదాని మీద నుంచి ఒకదాని మీదికి చేతులు ఆనించి పాకాలి. ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనపడదు. ఇంకో బండ ఎక్కినానో లేదో, కాళ్ల ముందర నేల లేదురా! 300 అడుగుల కింద పెన్న. రెండు పక్కలా ఎర్రటి రాతి గోడలు, ఇటుకలు పేర్చినట్టు పొరలు పొరలు. మధ్యలో పచ్చని నీళ్లు వంపు తిరిగి పోతా ఉన్నాయి. కంచె లేదు, గొలుసు లేదు. పాప చెయ్యి నేను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే "నాన్నా, నొప్పి" అనింది.

ఇప్పుడు అడుగున కనిపించే నీళ్లు దిగువన మైలవరం ఆనకట్ట నిలిపినవి. నది సొంతంగా పారితే ఏడాదిలో ఎక్కువ నెలలు సన్నని పాయే. మరి ఇంత రాతిని కోసింది ఎవరు? అదే అడిగినా నాయన్ను. ఆయన వయసులో ఉన్నప్పుడు మన పక్క ఎన్ని బావులు తవ్వినాడో నీకు తెలుసు. గోడను చాలాసేపు చూసి చెప్పినాడు: "రాయికి దావ ఉంటుంది నాయనా. అడ్డంగా పొర, నిలువుగా పగులు. ఆ రెండూ కలిసే చోట గునపం పెడితే దిమ్మ దిమ్మగా ఊడొస్తుంది. ఏరు కూడా ఆ దావే పట్టుకునుంటుంది." తర్వాత చదివితే భూవిజ్ఞానులు చెప్పేదీ అదే. వరద వచ్చినప్పుడు ఇసుక, గుండ్లు అడుగును రాపాడిస్తాయి, పగుళ్ల వెంట దిమ్మలు విడిపడతాయి, గోడలు అట్లే నిట్టనిలువుగా మిగిలిపోతాయి. రోజూ పారే నీళ్లకంటే, ఎప్పుడో ఉన్నట్టుండి వచ్చే వరదే ఎక్కువ పని చేస్తుంది. అది చదివినప్పుడు నాకు చెయ్యేరు మళ్లీ కళ్లముందుకొచ్చింది.

నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది పాప చూసింది. వంగి ఒక బండను తడుముతా, "నాన్నా, దీని మీద అలలు ఉన్నాయి" అనింది. నిజంగానే ఉన్నాయి. మన ఏటి ఇసుకలో నీళ్లు తీసిపోయినాక మిగిలే సన్న గీతలుంటాయే, అచ్చం అవే, రాతిలో. ఆ రాయికి గండికోట క్వార్ట్‌జైట్ అని ఆ ఊరి పేరే పెట్టినారు. అది పుట్టింది ఇసుకగా. నూరు కోట్ల ఏళ్లకు ఎంతో ముందు, ఈ పక్కంతా నీళ్ల కింద ఉన్నప్పుడు, ఒడ్డున పొర మీద పొర పేరుకుని, బరువుకు బిగిసి రాయైంది. ఆ నీళ్ల అలలే పాప వేళ్లకు తగిలినాయి. పెన్న ఆ రాతిని మళ్లీ ఇసుక చేసి నెల్లూరు దాకా మోసుకుపోతా ఉంది. నువ్వు రాసిన ఇసుక దారి ఇదే మురళీ.

ఇంకో సంగతి. మన తిరుమల ఘాట్ రోడ్డులో, కింద గ్రానైటు, పైన పొరల రాయి రెండూ ఆనుకుని కనిపించే చోటు ఉందే, జాతీయ భూవిజ్ఞాన స్మారకమని ప్రకటించినారే, ఆ పై రాయి కూడా కడప రాళ్ల కుటుంబానిదే. బస్సులో ఎన్ని వందల సార్లు దాని పక్కనే పోయినాం మనం! గండికోట నుంచి వచ్చినాక మొన్న కొండకు పోతా ఆ మలుపులో తల తిప్పి చూసినా.

గండి అంటే మనకు చెరువు తెగిందనే కబురే కదా. ఎవరైనా ఆ మాట అంటే గుండె జారుతుంది. కొండకు పడిన గండిని మాత్రం అక్కడివాళ్లు ఊరి పేరు చేసుకుని, దాని అంచునే కోట కట్టుకుని బతికినారు.

మధ్యాహ్నం బండ నీడలో కూర్చుని చిత్రాన్నం, చెనిగ్గింజల ఊరిబిండి తిన్నాం. గోడల సందుల్లో పావురాలు. పొద్దు వాలేకొద్దీ రాయి ఎరుపు ముదురుతా వచ్చింది. నాయన లేస్తాననలేదు. ఎప్పుడూ రెండు పూటలు ఒకచోట నిలవని మనిషి, చీకటి పడేదాకా అంచుకు పదడుగుల దూరంలో కూర్చునే ఉన్నాడు.

గోదావరి గొప్పదే, కాదనను. నువ్వు చూపిస్తే నేనూ వచ్చి మునుగుతా. కానీ శివరాత్రికి నువ్వు వచ్చేటప్పుడు ఒక రోజు ఎక్కువ సెలవు పెట్టుకో. ఎండలు ముదరకముందే పోవాలి, మార్చి దాటితే ఆ బండల మీద కాలు పెట్టలేం. జారని చెప్పులు తెచ్చుకో. నాయన ఇప్పుడే అడిగినాడు, "మురళి వస్తే నన్ను వదిలేసి పోరు కదా" అని.

నీ,
రమణ