అన్నిటికీ 4 పెట్టేశాడు

సంపాదకులకు,

ఒడిశాలోని రాయగడలో మాకో చిన్న లేత్ షెడ్డుంది. పోయిన నెల ఎంబీఏ కుర్రాళ్లిద్దరు ‘సేవల నాణ్యత’ సర్వే అంటూ వచ్చారు. ప్రతి ప్రశ్నకీ 1 నుంచి 7 దాకా అంకె వెయ్యాలి. కాగితమంతా ఇంగ్లిషే. మా ఫిట్టరు తెలుగూ ఒడియా గడగడా చదువుతాడు, ఇది మాత్రం చూసి అన్నిటికీ 4 దగ్గర టిక్కు పెట్టిచ్చేశాడు. వాళ్లు థాంక్స్ చెప్పి పట్టుకెళ్లారు!

పద్ధతిని తప్పుపట్టడం లేదు. అది పరశురామన్, జైథమల్, బెర్రీ అనే మార్కెటింగ్ పరిశోధకులు 1988లో ప్రకటించిన సర్వ్‌క్వాల్ అనే ప్రశ్నావళి. 22 అంశాల మీద మనం ఆశించిందెంత, అందిందెంత అని విడివిడిగా అడిగి తేడా చూస్తుంది. ఆశించింది అడగనక్కర్లేదని 1992లో క్రోనిన్, టేలర్ అనే పరిశోధకులు వాదించారు. నాకు ఆ వాదన నచ్చదు. గురువారం ఇస్తామన్న బేరింగు సోమవారం వస్తే మిషను నాలుగు రోజులు ఆగుతుంది. నా నష్టం ఆ మాటకీ చేతకీ మధ్యే ఉంది మరి.

షాఫ్టు మందానికి మైక్రోమీటరుంది. సేవకి అలాంటి పనిముట్టు లేదు కనకే మనిషిని అడుగుతారు. అడిగేది అర్థంకాకపోతే ఆ 4 దేని కొలత? ఆ అంకెలతోనే ఆ కుర్రాళ్లు రేపు ఎంబీఏ పట్టా పుచ్చుకుంటారు.

ఈ సరిహద్దు జిల్లాల్లో సర్వే కాగితాలు ఒడియా, తెలుగు రెండిట్లోనూ వెయ్యమని కాలేజీలను కోరుతున్నాను. తెలుగు చెయ్యడానికి సాయం కావాలంటే మా షెడ్డుకి రండి, టీ ఖర్చు మాదే.

– ఒక పాఠకుడు, రాయగడ