సంత మైదానం మరుగుదొడ్లు: 2024–25 జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన ఊరివాళ్లందరికీ కమిటీ నమస్కారాలు. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 దాకా మా చేతికి వచ్చిన డబ్బు, అందులోంచి పోయిన డబ్బు ఇక్కడ రాస్తున్నాం. కొందరు మమ్మల్ని దారిలో ఆపి అడిగిన ప్రశ్నలకు జవాబులు కూడా ఇందులోనే ఉన్నాయి.

ముందుగా జమ. పాత నిల్వ రూ.6,340. ఇంటింటికీ, షాపులకూ తిరిగి రసీదులిచ్చి వసూలు చేసింది రూ.1,18,450. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన ఊరి పిల్లలు బ్యాంకు ఖాతాకు పంపింది రూ.95,000. హైస్కూలు పూర్వ విద్యార్థులు ఇచ్చింది రూ.40,000. సంత రోజుల్లో పెట్టిన హుండీలో రూ.12,730 వచ్చాయి. ఇందులో కూరగాయలమ్మే ఆడవాళ్లు వేసిన చిల్లరే ఎక్కువ. బ్యాంకు వడ్డీ రూ.1,812. మొత్తం జమ రూ.2,74,332.

ఇక ఖర్చు. ఈ మరుగుదొడ్లు కట్టి చాలా ఏళ్లయింది. గోడలు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. లేనివల్లా నీళ్లు, తలుపులకు గడియలు, లైట్లు, కడిగే మనిషికి జీతం. తెల్లవారకముందే సంతకు వచ్చే ఆడవాళ్లు మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా కూర్చునేవారు. అలా ఆపుకోవడం వల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్లు వస్తాయని డాక్టర్లు చెబుతూనే ఉంటారు. వెళ్లడానికి చోటు లేనప్పుడు ఆ మాట వినీ లాభం లేదు.

అందుకే తలుపులు, గడియలు, పైపులు, పగిలిన టైల్స్ మార్చడానికి రూ.58,600 ఖర్చు చేశాం. మోటారు రిపేరు, వెయ్యి లీటర్ల ట్యాంకు, నల్లాలకు రూ.31,450 అయింది. వైరింగు, లైట్లకు రూ.9,870. ఆడవాళ్ల వైపు ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న డబ్బాలకు, బ్యాగు తగిలించుకునే కొక్కేలకు, చిన్న అద్దానికి కలిపి రూ.4,900. కొక్కేలెందుకని ఒక మగాయన అడిగారు. తడి నేల మీద సంచి పెట్టలేక, దాన్ని నోట కరుచుకుని కూర్చోవాల్సి వచ్చిన ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది.

అన్నిటికంటే పెద్ద ఖర్చు జీతాలు. సెప్టెంబరు నుంచి మార్చి వరకు ఏడు నెలలు, ఇద్దరికి నెలకు చెరో రూ.6,000 చొప్పున రూ.84,000 ఇచ్చాం. ఉదయం, సాయంత్రం రెండు పూటలా కడుగుతారు. వాళ్లకు గ్లౌజులు, గమ్‌బూట్లు, సబ్బులు, టీటీ ఇంజెక్షన్లు, వైద్య పరీక్షలకు రూ.11,280. ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్, బ్రష్షులు, బకెట్లకు రూ.14,365. జీతం మరీ ఎక్కువైందని ఇద్దరు ముగ్గురు అన్నారు. మా దృష్టిలో అది ఇంకా తక్కువే. వచ్చే ఏడాది పెంచాలన్నది కమిటీ అభిప్రాయం.

మురుగును పైపుతో పీల్చే బండిని పిలిచి సెప్టిక్ ట్యాంకు రెండుసార్లు తీయించడానికి రూ.7,000 అయింది. దీని మీదే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. పదిహేను వందలిస్తే మనిషి దిగి తీసేస్తాడు కదా, బండెందుకన్నారు. ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి విషవాయువులు పేరుకుని ఉంటాయి. దిగిన మనిషి కేక వేసే లోపలే స్పృహ తప్పుతాడు. అతన్ని పైకి లాగడానికి దిగిన రెండోవాడూ పోతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. ఇలా చనిపోయినవారి కుటుంబాలకు రూ.10 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023లో దాన్ని రూ.30 లక్షలకు పెంచింది. తీర్పులు వచ్చాక కూడా చావులు ఆగలేదు. చేతులతో మలం ఎత్తే పనికి వ్యతిరేకంగా దశాబ్దాలుగా పోరాడుతూ, 2016లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్న బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆ కుటుంబం చేసిందీ ఈ పనే. మన కమిటీ డబ్బుతో ఏ మనిషీ ట్యాంకులోకి దిగడు. దీని మీద చర్చ లేదు.

బండివాళ్లు తీసిన మురుగును కాలువలో వదలకుండా శుద్ధి కేంద్రానికి చేర్చాలని ముందే మాట్లాడుకున్నాం. బాడుగ కాస్త పెరగడానికి కారణం అదే. వరంగల్ నగరంలో ఇలాంటి బండ్లకు 2016లోనే నిబంధనలు పెట్టారు. చిన్న ఊళ్లలోనూ అలా అడగొచ్చు.

నవంబరు 19న చేసిన ప్రచారానికి (పోస్టర్లు, మైకు, ఆటో, టీ) రూ.13,240. మన ఊరి పనికి ప్రపంచ టాయిలెట్ దినోత్సవం ఎందుకని అడిగినవాళ్లున్నారు. సింగపూర్ చొరవతో ఐక్యరాజ్యసమితి 2013లో ఆ రోజును గుర్తించింది. 2022 నాటికి భూమి మీద దాదాపు 350 కోట్ల మందికి సురక్షితమైన పారిశుద్ధ్యం లేదని, వాళ్లలో 41.9 కోట్ల మంది ఆరుబయటికే వెళ్తున్నారని యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థల లెక్క. 2030 కల్లా అందరికీ, ముఖ్యంగా ఆడవాళ్లకూ ఆడపిల్లలకూ ఈ సౌకర్యం అందాలని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. ఆ మాట మన సంత దాకా వచ్చిందని అందరికీ తెలియాలనే మైకు పెట్టాం. రసీదు పుస్తకాల అచ్చు, బ్యాంకు చార్జీలు రూ.2,135.

మొత్తం ఖర్చు రూ.2,36,840. మిగిలింది రూ.37,492. ఇందులో బ్యాంకులో రూ.35,980, కోశాధికారి చేతిలో రూ.1,512 ఉన్నాయి.

మనిషికి రెండు రూపాయలు వసూలు చేస్తే ఈ బాధ ఉండదు కదా అని సలహా వచ్చింది. కమిటీ ఒప్పుకోలేదు. మగవాళ్లు గోడ పక్కన ఊరికే నిలబడతారు, డబ్బు కట్టాల్సి వచ్చేది ఆడవాళ్లే. ముంబయిలో మహిళా సంఘాలు 2011 నుంచి ఉద్యమం చేసింది ఈ అన్యాయం మీదే. రోజంతా అమ్మితే వంద రూపాయలు మిగలని మనిషి దగ్గర నాలుగుసార్లు చిల్లర అడగడం మాకు ఇష్టం లేదు.

జీతాలు, ఫినాయిల్ కలిపి నెలకు సుమారు రూ.14,000 కావాలి. ఉన్న నిల్వ రెండున్నర నెలలకు సరిపోతుంది. కట్టడానికి, రంగులేయడానికి దాతలు వస్తారు, రోజూ కడగడానికి ఇచ్చేవాళ్లు దొరకడం కష్టం. మెయింటెనెన్స్ బాధ్యత తీసుకోమని పంచాయతీకి అర్జీ ఇచ్చాం. కరెంటు బిల్లు ఇప్పటికే పంచాయతీయే కడుతోంది. జీతాలు కూడా బడ్జెట్‌లో చేర్చేదాకా, నెలకు రూ.100 చొప్పున ఇచ్చే 140 మంది కావాలి. ఇప్పటికి 52 మంది పేర్లు రాయించుకున్నారు. మిగతావాళ్లు కోశాధికారిని కలవండి.

రసీదు పుస్తకాలు, వోచర్లు, బ్యాంకు పాసుబుక్కు ప్రతి ఆదివారం ఉదయం 10 నుంచి 12 దాకా గ్రంథాలయంలో ఉంటాయి. ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఏ వోచరు మీదైనా అనుమానం ఉంటే పక్కనున్న పుస్తకంలో రాయండి. జవాబు తర్వాతి ఆదివారానికి అదే పుస్తకంలో ఉంటుంది.

కమిటీ తరఫున
అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి