ఆటలమ్మ పోసిన పిల్లల్ని బడికి పంపకండి

అయ్యా,

నేను కావలిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతి టీచర్ని. ఇప్పుడు కడుపుతో ఉన్నాను, నాలుగో నెల. మొన్న నోట్సు దిద్దించుకోవడానికి నా కుర్చీకి ఆనుకుని నిలబడ్డ పిల్లాడి మెడ మీద ఎండీ ఎండని పొక్కులు కనిపించాయి. అడిగితే "అమ్మవారు పోసింది టీచర్, పరీక్షలని మా అమ్మ పంపించింది" అన్నాడు.

నాకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందో లేదో మా అమ్మకే గుర్తు లేదు. డాక్టరమ్మ రక్తపరీక్ష రాశారు. ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకు సాధారణంగా రక్షణ ఉంటుందట. రక్షణ లేని గర్భిణులకు, ఆటలమ్మ ఉన్నవాళ్ల దగ్గర మెలిగిన 10 రోజుల్లోపు వేయాల్సిన ఇంజెక్షన్ ఉందట. నాకు రక్షణ ఉందని తేలింది కానీ, రిపోర్టు వచ్చేదాకా పడ్డ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

ఆటలమ్మ పోసిన ఇంటి గుమ్మానికి మనవాళ్లు వేపమండలు కడతారు. వీధి మొత్తానికీ తెలుస్తుంది. మరి బడికి ఎందుకు చెప్పరు? పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా అది అంటుకుంటూనే ఉంటుంది. అంగన్‌వాడీల్లోనూ ఇదే భయం. గుడ్లు, పాల కోసం గర్భిణులు వచ్చేది ఆ పిల్లల మధ్యకే కదా.

ఒంటి మీద దద్దుర్లతో వచ్చే మరో అంటువ్యాధి రుబెల్లా గర్భిణులకు ఇంకా ప్రమాదం. తొలి 3 నెలల్లో సోకితే బిడ్డ గుండె, కళ్లు, వినికిడి దెబ్బతినొచ్చు. కడుపుతో ఉండగా ఆ టీకా వేయరు. అందుకే రుబెల్లా నుంచి రక్షణ ఉందో లేదో పెళ్లికి ముందే ఆడపిల్లలకు పరీక్ష చేయించాలి.

ఆటలమ్మ టీకా ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో లేదు. దాన్నీ చేర్చాలి. ఆటలమ్మతో ఇంట్లో ఉన్న పిల్లల సెలవులకు హాజరు తగ్గించకుండా, పరీక్ష మళ్లీ పెట్టేలా విద్యాశాఖ అన్ని స్కూళ్లకూ ఆదేశాలివ్వాలి.

— ఒక ఉపాధ్యాయిని, కావలి, నెల్లూరు జిల్లా